మేడ మీద మిస్సమ్మ

నా పెళ్లి ఎక్కడ జరిగిందని ఓనర్ ఆంటీ అడిగితే తెనాలి అన్నాను. సరిగ్గా అదే టైమ్‌కి కింద గేటు దగ్గర ఓనర్ అంకుల్ మా ఆయన్ని అదే ప్రశ్న అడిగారట. అతను అన్నవరం అన్నాడు. సాయంత్రం కాఫీ తాగుతూ ఆ ఇద్దరూ మా జవాబులు పోల్చుకున్నట్టున్నారు. మర్నాడు పొద్దున్నే ఆంటీ మెట్లెక్కి వచ్చేశారు.

"అన్నవరంలో పెళ్లి, తెనాలిలో రిసెప్షన్ ఆంటీ" అన్నాను. నమ్మారు.

మా సాఫ్ట్‌వేర్‌వాళ్లు దీన్ని హాట్‌ఫిక్స్ అంటారు. బగ్ బయటపడగానే అసలు కారణం జోలికి పోకుండా పైపైన అతుకేసి, ఈ రాత్రికి గండం గడిచిందని పడుకోవడం. ఇక్కడ అసలు కారణం ఏంటంటే నాకు పెళ్లి కాలేదు. "మా ఆయన" మా టీమ్‌లో టెస్టర్. కరీంనగర్ అబ్బాయి. మేమిద్దరం ఒకరి కోడ్‌లో ఒకరం తప్పులు వెతుక్కోవడం తప్ప మా మధ్య ఏమీ లేదు. అప్పుడూ లేదు, తర్వాతా లేదు. (ఈ మాట ఇక్కడే చెప్పేయడం మంచిది. లేకపోతే చివర్లో పెళ్లి భోజనం ఉంటుందని ఎదురుచూస్తారు.)

రెండేళ్ల కిందటి సంగతి ఇది. వర్క్ ఫ్రమ్ హోమ్ అయిపోయింది, వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందేనన్నారు. హాస్టల్ గదిలో నలుగురం, రెండు ప్లగ్ పాయింట్లు. ఇల్లు చూసుకుందామని కొండాపూర్ చుట్టుపక్కల సందులన్నీ తిరిగా. టూలెట్ బోర్డు కనపడితే ప్రాణం లేచొచ్చేది, దాని కింద చిన్నక్షరాల్లో "ఫ్యామిలీస్ ఓన్లీ" అని కనపడితే పోయేది. ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఎంతమంది ఉంటారమ్మా?" రెండో ప్రశ్న "మీరేమిట్లు?"

ఒంటరి ఆడపిల్లకి ఇవ్వరు. ఒంటరి మగపిల్లాడికి అసలే ఇవ్వరు. మా టెస్టర్‌దీ అదే గోస. చివరికి బ్రోకరే సలహా ఇచ్చాడు. "ఇద్దరూ ఒకే ఆఫీసు కదా, మొగుడూ పెళ్లాలమని చెప్పండి, డబుల్ బెడ్రూమ్ వచ్చేస్తది, చెరో రూములో ఉండండి, మీకు ఖర్చు సగం, నాకు కమీషన్ మొత్తం." అంత నిజాయితీగా మాట్లాడిన మనిషిని హైదరాబాద్‌లో నేను ఇంకొకర్ని చూడలేదు.

కోఠీలో నూటయాభై రూపాయలకి నల్లపూసలు కొన్నాను. ఒక బొట్టుబిళ్లల ప్యాకెట్ కూడా. ఆ రెండోది నా బతుకులో మొదటిసారి కొనడం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. మా తాత చర్చిలో సంఘపెద్ద. నా పేరు ఏ మతానికైనా సరిపోయే పేరు కాబట్టి అగ్రిమెంట్‌లో ఎవరికీ అనుమానం రాలేదు. మెడలో సిలువ గొలుసు తీసి హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్‌లో పెట్టాను. "మీరేమిట్లు" అన్నదానికి టెస్టరే తన కులం చెప్పేశాడు. పెళ్లాంది కూడా అదే అనుకుంటారు కదా, అనుకున్నారు.

అంటే నేను చెప్పిన అబద్ధాలు రెండు. ఒకటి నోటితో చెప్పింది. రెండోది చెప్పకుండా ఊరుకోవడం ద్వారా చెప్పింది.

అమ్మమ్మ చెప్పిన సినిమా

ఇంట్లో అమ్మమ్మకి ఒక్కదానికే నిజం చెప్పాను. తిడుతుందనుకున్నా. ఫోన్‌లో పకపకా నవ్వింది. "ఒసే, ఇది మిస్సమ్మ కథే కదే! నువ్వు చూడలా?"

చూడలేదు. సావిత్రి అంటే నాకు 2018లో 'మహానటి'లో కీర్తి సురేశ్. 'మిస్సమ్మ' అంటే ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో వచ్చే నలుపు తెలుపు సినిమాల్లో ఒకటి. ఛానల్ మార్చేసే ముందు ఓ సెకను కనపడేది, అంతే. ఆ రాత్రి యూట్యూబ్‌లో పెట్టాను. మూడు గంటలు. అర్ధరాత్రి దాటినా ఆపలేకపోయాను. పక్క గదిలోంచి టెస్టర్ వచ్చి "ఏంది ఒక్కదానివే నవ్వుతున్నవ్" అని కూర్చుని అతనూ చూసేశాడు.

తెలియనివాళ్ల కోసం కథ టూకీగా. ఎం.టి. రావు (ఎన్టీఆర్), మేరీ (సావిత్రి) ఇద్దరూ మద్రాసులో ఉన్న చదువుకున్న నిరుద్యోగులు. అప్పాపురం జమీందారు గోపాలం (ఎస్వీ రంగారావు) తన స్కూలుకి టీచర్లు కావాలని ప్రకటన ఇస్తాడు. షరతు ఏంటంటే ఇద్దరూ గ్రాడ్యుయేట్లయి ఉండాలి, భార్యాభర్తలై ఉండాలి. మేరీకి అప్పులిచ్చిన డేవిడ్ (రమణారెడ్డి) బాకీ తీర్చు, లేదా నన్ను పెళ్లి చేసుకో అని వెంటపడుతుంటాడు. రావుకి జేబు ఖాళీ. (ఎం.టి. అనే ఇనీషియల్స్‌ని కలిపి చదివి చూడండి.) వీళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలమని చెప్పి ఆ ఉద్యోగంలో చేరతారు. వెంట దేవయ్య (రేలంగి). అక్కడ గోపాలానికి చిన్నప్పుడు తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి ఒకతె ఉంది, ఆమె పేరు మీదే స్కూలు. చిన్న కూతురు సీత (జమున). మేనల్లుడు రాజు (ఏఎన్నార్) తనని తాను డిటెక్టివ్ అనుకుంటూ, పాదం మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం ఊళ్లో ఆడవాళ్ల కాళ్లన్నీ చూస్తూ తిరుగుతుంటాడు.

ఆ మచ్చ ఎవరి పాదం మీద ఉందో మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. 1955లో చూసినవాళ్లూ కనిపెట్టే ఉంటారు. అయినా సినిమా ఆడింది. ఎందుకంటే అందులో సస్పెన్సు మచ్చ గురించి కాదు. చిరాకు గురించి.

సావిత్రి ఈ సినిమా దాదాపు అంతా చిరాగ్గానే ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. మన హీరోయిన్లకి కోపం రానిస్తారు, ఏడుపు రానిస్తారు, చిరాకు మాత్రం అరుదుగా రానిస్తారు. మేరీ అలా కాదు. ఎదుటివాళ్లు ఆప్యాయంగా బొట్టు పెడితే ఆమె మొహం ముడుచుకుంటుంది. "మీ ఆయన" అంటే కనుబొమ్మలు కలుస్తాయి. గోపాలం భార్య (ఋష్యేంద్రమణి) కన్నకూతుర్ని చూసుకున్నట్టు చూస్తుంటే, వద్దనలేక, సరే అనలేక, పెదవి బిగించి నిలబడుతుంది. ఆ పక్కనే రావు ఏదో ఒక కథ అల్లి నెట్టుకొస్తుంటాడు. అబద్ధం ఆడటం మేరీకి రాదు. రావుకి వెన్నతో పెట్టిన విద్య. ఒక అబద్ధాన్ని ఇద్దరు మోస్తున్నప్పుడు బరువు ఎప్పుడూ ఒకరి మీదే ఎక్కువ పడుతుందని నాకు ఆ రాత్రే అర్థమైంది. మా ఇంట్లో అంకుల్‌తో క్రికెట్ చూస్తూ పకోడీలు తింటున్నది టెస్టర్. పెళ్లి ఆల్బమ్ ఇంకా ప్రింటింగ్‌లో ఉందని నెలల తరబడి చెబుతున్నది నేను.

సీతకి రావు సంగీతం నేర్పుతుంటే మేరీకి మండుతుంది చూడండి, అదీ సినిమాకి గుండెకాయ. నిజం భార్య అయితే అడగొచ్చు. అబద్ధం భార్య ఏమని అడుగుతుంది? తనకెందుకు మండుతోందో ఆమెకే తెలియదు. ఆ తెలియకపోవడాన్ని సావిత్రి డైలాగుతో కాదు, నడకతో చూపిస్తుంది. గదిలోకి వచ్చి, ఏదో తీసుకున్నట్టు నటించి, ఏమీ తీసుకోకుండా వెళ్లిపోవడం. మా జనరేషన్ భాషలో ఆన్‌లైన్ కనపడి మెసేజ్ పెట్టకుండా వెళ్లిపోవడం లాంటిది.

ఇక ఏఎన్నార్. 'దేవదాసు' 1953లో వచ్చింది. దేశమంతా మందుసీసాతో గుర్తుపెట్టుకున్న మనిషి రెండేళ్లు తిరక్కుండా రెండో హీరోగా, అదీ కామెడీ పాత్రలో, వేషాలేసుకుని తిరగడానికి ఒప్పుకున్నాడు. ఆ విషాద ముద్ర పోగొట్టుకోవాలనే ఈ పాత్ర కోరి చేశాడని చెబుతారు. ఇవాళ ఏ స్టార్ అయినా చేస్తాడా? ఫ్యాన్స్ ఊరుకుంటారా? అది వేరే వ్యాసం.

తెర వెనక ఇంకో రెండు పెళ్లిళ్లు

ఈ సినిమా వెనక కథలు వెతికితే తెర మీది కథ కంటే పెద్దవి దొరికాయి.

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ తీసింది. 1947లో 'చందమామ' పత్రిక మొదలుపెట్టిందీ ఈ ఇద్దరే. డైరెక్టర్ ఎల్వీ ప్రసాద్. కెమెరా మార్కస్ బార్ట్‌లే. సంగీతం సాలూరి రాజేశ్వరరావు, మాటలు పాటలు పింగళి నాగేంద్రరావు. ఎన్టీఆర్‌కి ఏఎం రాజా, సావిత్రికి పి. లీల పాడారు. మీరు సావిత్రి పేరు వినని బ్యాచ్ అయినా ఇందులో ఒక పాట పల్లవి మీకు తెలుసు, ఎందుకంటే 2007లో వెంకటేశ్, త్రిష నటించిన సెల్వరాఘవన్ సినిమాకి దాన్నే పేరుగా పెట్టారు.

కథ చక్రపాణిది. ఆయన మా తెనాలివాడు (అమ్మమ్మ ఈ మాట ప్రతిసారీ చెబుతుంది, కాబట్టి నేనూ చెప్పాలి). బెంగాలీ నేర్చుకుని శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చిన మనిషి. ఈ సినిమాకీ మూలం బెంగాలీలోనే ఉంది. రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మన్మొయీ గర్ల్స్ స్కూల్' అనే నాటకం. 1935లో అది బెంగాలీలో సినిమాగా వచ్చింది. ఆ కథని చక్రపాణి ఎంతగా మన నేలకి దించాడంటే, ఎక్కడా అరువు వాసన రాదు. సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు. జమున పెరిగింది దుగ్గిరాల. మా ఊరి బస్సు స్టాపుల లిస్టులా ఉంటుంది ఈ సినిమా టైటిల్ కార్డు.

మేరీ పాత్రకి మొదట తీసుకున్నది భానుమతిని. నాలుగు రీళ్లు షూటింగ్ కూడా అయింది. ఒకరోజు ఆమె సెట్‌కి ఆలస్యంగా వచ్చింది. వరలక్ష్మీ వ్రతం చేసుకుని వచ్చేసరికి ఆలస్యమైందని ఆమె మాట. క్షమాపణ చెప్పమని చక్రపాణి, చెప్పనని భానుమతి. ఆ నాలుగు రీళ్లూ పక్కన పడేసి మళ్లీ మొదట్నుంచి తీశారు. సీత పాత్రకి అనుకున్న సావిత్రిని మేరీని చేశారు, సీతగా జమున వచ్చింది. క్రైస్తవ అమ్మాయి పాత్ర వేస్తున్న నటికి వరలక్ష్మీ వ్రతం వల్ల ఆ పాత్ర పోవడం. ఇలాంటిది కథలో రాస్తే ఎడిటర్లు కొట్టేస్తారు. తాను వదులుకోవడం వల్ల సావిత్రి అంతటి నటి దొరికిందని భానుమతే తర్వాత సంతోషంగా చెప్పుకుందంటారు.

రెండోది ఇంకా విచిత్రం. విజయావాళ్లు సినిమాని తెలుగు, తమిళాల్లో ఒకేసారి తీశారు. తెలుగు 1955 జనవరి 12న, తమిళ 'మిస్సియమ్మ' రెండ్రోజుల తర్వాత వచ్చాయి. తమిళంలో ఎన్టీఆర్ పాత్ర జెమినీ గణేశన్‌ది. మేరీ మాత్రం రెండింట్లోనూ సావిత్రే. ఇప్పుడు చూడండి. సావిత్రికీ జెమినీకీ 1952లోనే పెళ్లయింది. ఆయనకి అప్పటికే సంసారం ఉంది. ఆ పెళ్లి సంగతి కొన్నేళ్లపాటు లోకానికి చెప్పలేదు.

అంటే పెళ్లికాని ఇద్దరు పెళ్లయినట్టు నటించే కథలో, పెళ్లయి కూడా కానట్టు నటిస్తున్న ఇద్దరు నటించారన్నమాట. ఆ తమిళ వెర్షన్‌ని నేను సబ్‌టైటిల్స్‌తో చూశాను. నటన మీద ధ్యాస పెట్టలేకపోయాను. 'మీరు నా భర్త కాదు' అనే అర్థం వచ్చే ప్రతి మాటకీ ఒళ్లు జలదరించింది.

1957లో ఇదే ఎల్వీ ప్రసాద్ చేత ఏవీఎం వాళ్లు హిందీలో 'మిస్ మేరీ' తీయించారు. మీనాకుమారి, జెమినీ గణేశన్, ఏఎన్నార్ పాత్రకి కిశోర్ కుమార్. జమున అందులోనూ జమునే. అదే ఏడాది సావిత్రి 'మాయాబజార్'లో ఇంకో ఉత్తుత్తి పెళ్లి చేసుకుంది, ఈసారి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా. ఉత్తుత్తి పెళ్లికి మన సినిమాలో ఒక పెద్ద ముత్తైదువ ఉంటే అది సావిత్రే.

మచ్చ లేకపోతే?

సినిమా అయిపోయాక అమ్మమ్మకి ఫోన్ చేశాను. పొగడబోతే మధ్యలో ఆపింది.

"పదేళ్లప్పుడు చూశానే నేను. మీ ముత్తాత తీసుకెళ్లాడు. తెర మీద హీరోయిన్ పేరు మేరీ అనేసరికి మా బెంచీ అంతా గోల. మన పిల్లే అనుకున్నాం. చివరికి చూస్తే వాళ్ల పిల్లని తేల్చారు. లాగేసుకున్నారే."

డెబ్బై ఏళ్ల కిందటి సినిమా గురించి నిన్న జరిగినట్టు చెప్పింది. లాగేసుకున్నారు అన్నప్పుడు గొంతులో కోపం లేదు, అలవాటైపోయిన నిష్ఠూరం ఉంది.

నిజమే కదా. మూడు గంటలపాటు సినిమా ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ క్రైస్తవ అమ్మాయి, ఆ హిందూ అబ్బాయి నిజంగా ప్రేమించుకుంటే ఏం చేస్తారు? చివరికి ఆ ప్రశ్నే తప్పని తేలుస్తుంది. పుట్టుమచ్చ కనపడుతుంది, మేరీ మహాలక్ష్మి అవుతుంది, ప్రాబ్లం సాల్వ్‌డ్. టికెట్ క్లోజ్ చేసేశారు, బగ్ అలాగే ఉంది.

ఆ రోజుల్లో అంతకంటే ఏం చేయగలరు అని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను, తర్వాత ఒక తేదీ కంటపడింది. ఎవరూ మతం మార్చుకోకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకోవడానికి వీలిచ్చే ప్రత్యేక వివాహ చట్టం 1954లో పార్లమెంటులో పాసయింది. అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1న. 'మిస్సమ్మ' విడుదలకి సరిగ్గా పదకొండు రోజుల ముందు! రావు, మేరీ కావాలనుకుంటే మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇచ్చి, ముప్పై రోజులు ఆగి, ముగ్గురు సాక్షులతో సంతకాలు పెట్టి బయటికి రావచ్చు. మేరీ మేరీగానే, రావు రావుగానే. సినిమా పుట్టుమచ్చనే ఎంచుకుంది. చట్టం ఊళ్లోకి వచ్చినంత తేలిగ్గా కథల్లోకి రాదు కదా. ఇవాళ్టికీ ఆ ముప్పై రోజుల నోటీసు ఆఫీసు గోడ మీద అంటిస్తారు. అది చూసి ఇంట్లోవాళ్లకి ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని వణికిన జంట నా ఫ్రెండ్స్‌లోనే ఉంది.

అయితే ఒకటి చెప్పాలి. నేను రెండోసారి చూసినప్పుడు గమనించింది గోపాలాన్ని. మచ్చ సంగతి తెలియడానికి చాలా ముందే ఆయన మేరీని కూతుర్లా చూశాడు. ఆ ప్రేమకి రక్తం కారణం కాదు, అప్పటికి ఆయనకి తెలియదు కాబట్టి. ఎస్వీఆర్ ఆమెను చూసే చూపులో మచ్చకి ముందూ తర్వాతా అని పెద్ద తేడా నాకు కనపడలేదు. తేలిగ్గా దాటవేసిన సినిమాలోనే, దాటవేయని మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. అమ్మమ్మతో ఈ మాటంటే "ఏమో, ఆయన సంగతి బానే ఉంది, ఆ పిల్లని పెంచినవాళ్ల సంగతేంటి" అంది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత వచ్చిన ఇలాంటి సినిమాల్లో సమస్య మారుతూ వచ్చింది. 1996లో 'పవిత్రబంధం'లో వెంకటేశ్‌కి సమస్య పెళ్లి మీద నమ్మకం లేకపోవడం, అందుకే ఏడాది అగ్రిమెంట్. 2009 హాలీవుడ్ 'ద ప్రపోజల్'లో కెనడా నుంచి వచ్చిన బాస్ సాండ్రా బుల్లక్‌కి సమస్య వీసా, అందుకే తన కింద పనిచేసే ర్యాన్ రేనాల్డ్స్‌ని బెదిరించి మొగుణ్ని చేసుకుంటానంటుంది. మా ఆఫీసులో వీసా లాటరీ రాని ప్రతి ఒక్కరూ ఈ సినిమా చూసి నిట్టూరుస్తారు. ఉద్యోగం కోసం, వీసా కోసం, ఇంటి కోసం. ఈ జాబితా చూస్తే పెళ్లి అనేది ఎప్పుడూ ఏదో ఒక తలుపుకి తాళంచెవే. తలుపులు మారుతున్నాయంతే.

ఇస్తినమ్మ వాయనం

ఆ ఏడాది శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి ఆంటీ పిలిచారు. కొత్త ముత్తైదువని నేనేనట, ఫస్ట్ వాయనం నాకేనట. ఆఫీసుంది ఆంటీ అన్నాను. సాయంత్రం లాగవుటయ్యాకే రామ్మా, ఆగుతాం అన్నారు. ఆగారు కూడా.

హాల్లో పదిమంది ఆడవాళ్లు. ఆంటీ నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అయినా కిందికి వంగి నా పాదాలకి పసుపు రాశారు. నాకు ఒక్కసారిగా రాజు గుర్తొచ్చాడు. ఊళ్లో కాళ్లన్నీ చూసుకుంటూ తిరిగే ఆ డిటెక్టివ్. నా పాదాల మీద ఏ మచ్చా లేదు.

శనగలు, తమలపాకులు, అరటిపళ్లు, జాకెట్టు ముక్క చేతిలో పెట్టి ఆంటీ "ఇస్తినమ్మ వాయనం" అన్నారు.

ఏమనాలో నాకు తెలియదు.

"థాంక్స్ ఆంటీ" అన్నాను.

హాలంతా నవ్వు. "ఈ కాలం పిల్లలండీ" అన్నారెవరో. "పుచ్చుకుంటినమ్మ వాయనం అనాలే" అని ఆంటీ నవ్వుతూ నేర్పించారు. అన్నాను. పైకొచ్చి ఆ శనగల గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నా. టెస్టర్ వచ్చి గుప్పెడు తీసుకుని "ఏమైంది" అన్నాడు. "రేపు చెప్పేస్తా" అన్నాను. అతను నమలడం ఆపాడు. "ఏది? పెళ్లి సంగతా, అదా?" అన్నాడు. రెండూ అన్నాను. అతనికి ఇల్లు పోతుందని తెలుసు. అయినా వద్దనలేదు. ఆ ఒక్క విషయంలో అతను ఎం.టి. రావు కన్నా మంచి మొగుడు.

మర్నాడు శనివారం. అంకుల్, ఆంటీ ఇద్దరూ ఉండగా చెప్పాను. పెళ్లి కాలేదన్న దానికి అంకుల్ లేచి నిలబడ్డారు. ఆయన కోపం ఊహించిందే. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. అడ్వాన్స్‌లో ఒక్క రూపాయి పట్టుకోలేదు, ఆ మాట చెప్పాలి.

ఆంటీ మాట్లాడలేదు. రెండో సంగతి చెప్పాక కూడా మాట్లాడలేదు. నేను మెట్ల దాకా వెళ్లాక వెనక నుంచి అడిగారు. "అయితే డిసెంబర్లో నీ పండక్కి పైన ఒక్కదానివే ఉన్నావా?"

ఉన్నాను. ఆ క్రిస్మస్‌కి రిలీజ్ ఉండి ఊరెళ్లలేదు. టెస్టర్ వాళ్ల ఊరెళ్లాడు. రాత్రి లైట్లార్పేసి ఇయర్‌ఫోన్స్‌లో పాటలు విన్నాను, కిందికి వినపడకూడదని.

"ఒక్కదాన్నే ఆంటీ."

"స్వీటు కూడా ఇవ్వలేదు నీకు" అని లోపలికి వెళ్లిపోయారు. అది కోపమో, బాధో, నామీదో, ఆవిడ మీదో నాకు ఇప్పటికీ తెలియదు. మేం సామాను దించుతున్న రోజు ఆవిడ తలుపు దగ్గర నిలబడ్డారు గానీ బయటికి రాలేదు.

ఇప్పుడు మియాపూర్‌లో ముగ్గురు అమ్మాయిలం కలిసి ఉంటున్నాం. ఓనర్ దుబాయ్‌లో ఉంటాడు, మేమేమిట్లో ఆయనకి అక్కర్లేదు, ఐదో తారీఖుకి అద్దె పడితే చాలు. టెస్టర్‌కి నిజంగానే పెళ్లయింది, కరీంనగర్‌లో. నేను వెళ్లి అక్షింతలు వేసొచ్చాను. ఆంటీ దగ్గర్నుంచి మాత్రం రోజూ పొద్దున ఆరింటికి వాట్సప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మ వస్తుంది. పువ్వులు, కాఫీ కప్పు, ఒక్కోరోజు వెంకటేశ్వరస్వామి. ఇల్లు ఖాళీ చేసిన వారం రోజులు ఆగి మళ్లీ మొదలయ్యాయి. నేను దండం పెట్టిన ఎమోజీ పంపిస్తాను. పోయిన క్రిస్మస్‌కి పొద్దున్నే గంటలు, నక్షత్రం ఉన్న బొమ్మ వచ్చింది.

ఈ వ్యాసం రాయడానికి ముందు 'మిస్సమ్మ' లింకు ఆవిడకి పంపాను. వీలైతే చూడండి ఆంటీ అని. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు రాత్రి పదకొండింటికి మెసేజ్ వచ్చింది.

"చూశానమ్మా. చిన్నప్పుడు చూసిందే. సావిత్రి ఎంత బాగుందో. ఆ పిల్ల మేరీగానే ఉండిపోతే ఆ జమీందారు ఒప్పుకునేవాడంటావా?"

చాలాసేపు ఆలోచించి "మీరైతే ఆంటీ?" అని పెట్టాను.

బ్లూ టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని కనపడింది, ఆగింది, మళ్లీ కనపడింది, మళ్లీ ఆగింది. పొద్దున ఆరింటికి ఎప్పట్లాగే గుడ్ మార్నింగ్ బొమ్మ వచ్చింది. ఈసారి కాఫీ కప్పు.